నొప్పి లేదు కదా అని ఇరవై రోజులు ఊరుకున్నాం

మా నాయనకు షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళు. ఏటా ఒకసారి అలిపిరి నుంచి 3550 మెట్లూ చెప్పుల్లేకుండా ఎక్కి కొండకు పోవడం ఆయన మొక్కు. మొన్న ఎండాకాలంలో కూడా వద్దంటే వినకుండా పోయొచ్చారు. వచ్చిన రెండోరోజు చూస్తే కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో చిన్న బొబ్బ. అది పగిలింది, పసుపు పెట్టారు. తర్వాత ఎవరో చెప్పారని కాఫీపొడి అద్దారు. ఎలా ఉంది నాయనా అని అడిగితే "ఏం కాదులే పాపా, నొప్పే లేదు" అనేవారు. ఆ మాట విని నేను నిశ్చింతగా నిద్రపోయాను. ఇప్పుడు తలుచుకుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది.

మధ్యలో మా వీధి క్లినిక్‌లో చూపించాం. అక్కడాయన కాలు పైనుంచే చూసి ఐదు రోజులకు మాత్రలు, ఒక ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. పుండు పైన కాస్త ఎండినట్టు అయింది, చుట్టూ ఆనెకాయలా చర్మం గట్టిపడింది. మానిపోతోంది అనుకున్నాం.

ఇరవయ్యో రోజు పొద్దున ఆయన దుప్పటి మడతపెడుతుంటే కాళ్ళ వైపు పచ్చగా, అట్టకట్టిన మరక కనబడింది. దగ్గరికి తీసుకుంటే వాసన. ఇక ఎవరినీ అడగలేదు, ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోయాను.

అక్కడ డాక్టరమ్మ నాయనను కళ్ళు మూసుకోమని, ఒక సన్నని నైలాన్ పోగు తీసుకుని అరికాల్లో ఒక్కోచోట ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పండి అన్నారు. పోగు వంగేదాకా నొక్కుతున్నారు. నాయన మాట్లాడటం లేదు. వేళ్ళ దగ్గర, మడమ దగ్గర, ఎక్కడా లేదు. "మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడిగారాయన. అప్పటికే ఆరేడు చోట్ల అయిపోయింది. నాకు గుండె జారిపోయింది. ఆ తర్వాత ఆమె బ్లేడుతో గట్టి చర్మం చెక్కడం మొదలుపెడితే, రక్తం కారుతుంటే, ఈయన మీదేవూరమ్మా అని ఆమెతో కబుర్లు చెబుతున్నారు. చెక్కాక కింద చూస్తే పైన కనబడినదానికి రెట్టింపు గుంత, నిండా చీము. ఒక సన్నని కడ్డీని మెల్లగా లోపలికి పోనిచ్చారు, గట్టిగా తగిలి ఆగింది. ఎముక.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి, పొడవైన నరాలు ముందు పోతాయి కాబట్టి కాలి వేళ్ళ నుంచి మొద్దుబారడం మొదలవుతుంది. రాయి గుచ్చుకున్నా, కాలినా తెలీదు. పుండు మీదే బరువేసి నడుస్తూ ఉంటారు, అందుకే అది మానదు. అంటే నొప్పి లేదని మేం ధైర్యం తెచ్చుకున్నామే, అసలు భయపడాల్సింది దానికే.

షుగర్ ఉన్నవాళ్ళకు పాదం మీద ఏ పుండు లేచినా, ఎంత చిన్నదైనా, ఆగకుండా డాక్టరుకు చూపించాలట. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, కాలు వేడిగా వాచినా, చీము, వాసన, నల్లబడటం, జ్వరం, వీటిలో ఏదున్నా అదే రోజు వెళ్ళాలి. ఉన్నట్టుండి కాలు చల్లబడి పాలిపోయి విపరీతంగా నొప్పి పుడితే గంటలు కూడా లెక్కే, రాత్రయినా బయలుదేరాలి. షుగర్ లేనివాళ్ళయినా మోకాలి కింద పుండు రెండు వారాలకు మానే దారిలో లేకపోతే ఇంట్లో పెట్టుకోకూడదు.

ఇది మా పక్కింటి అత్తకు బాగా వర్తిస్తుంది. ఆమెకు షుగర్ లేదు, చీలమండ లోపలివైపు కొంచెం పైన ఏడాదిగా పుండు, రసి కారుతూ ఉంటుంది, చుట్టూ చర్మం నల్లబడింది. అది ఉబ్బిన సిరల వల్ల వచ్చేది, గట్టి కట్టు కడితే మానుతుంది. కానీ ఆ కట్టు మనంతట మనం కట్టేసుకోకూడదు, కాలికి రక్తం సరిగా పోతోందో లేదో డాప్లర్ అనే రక్తప్రవాహ పరీక్షతో చూశాకే కట్టాలి. ధమనులు మూసుకుపోయి ఉంటే ఆ బిగువుకు ఉన్న రక్తం కూడా ఆగిపోతుంది. బీడీ సిగరెట్ తాగేవాళ్ళలో ఇలా మూసుకుపోవడం ఎక్కువ. నడిస్తే పిక్కలు పట్టేసి ఆగితే తగ్గడం, రాత్రి కాలు నొప్పికి నిద్రలేచి మంచం కిందకి వేలాడేస్తే హాయిగా అనిపించడం దాని గుర్తులు. తిరుపతిలో రుయా, స్విమ్స్ అని రెండు పెద్దాసుపత్రులున్నాయి, చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు బస్సులెక్కి వస్తుంటే ఊళ్ళోనే ఉండి ఏడాది ఆలస్యం చేయడం నాకు బాధగా ఉంది. రేపు సోమవారం ఓపీకి నేనే తీసుకెళ్తున్నాను.

నాయనకు చెడిపోయిన ఎముక ముక్క తీసేశారు, ఆరు వారాలు యాంటీబయాటిక్ నడిచింది. వేలు దక్కింది. అన్నిటికంటే కష్టమైంది ఆ కాలు కింద మోపకుండా ఉంచడం. బాత్రూముకే కదా అని లేస్తారు, అరిచేదాన్ని. పుండు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ప్రతి శనివారం ఫోటో తీశాను. నాలుగు వారాలకు సగానికి తగ్గాలి, లేదంటే వైద్యం మార్చి చూడాలి అని డాక్టరమ్మ ముందే చెప్పారు. మొదటి ఫోటోలో పుండు బిళ్ళంత ఉంది. నాలుగో దానికి సగం. పూర్తిగా మూసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

మానిన పుండు నూటికి నలభై మందికి ఏడాదిలోపే మళ్ళీ లేస్తుందట. అందుకని రోజూ రాత్రి భోజనమయ్యాక నాయన కాలు నా ఒళ్ళో పెడతారు, వేళ్ళ సందుల్లో తుడిచి, టార్చి వేసి చూస్తాను. ఇంట్లో కూడా ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులే. మెట్ల మొక్కు ఈ ఏడాదికి లేదు, బస్సులో పోదామన్నాను. "మాడ వీధుల్లో చెప్పులేసుకోకూడదు కదా పాపా" అన్నారు. నేనింకా జవాబు చెప్పలేదు, డాక్టరమ్మను అడగాలి.