పొదుగు వాపు: కలబంద రాసే ముందు పాలు పూర్తిగా పిండండి

పొదుగు వాపుకి మందేంటని అడిగితే ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో ఆకు పేరు చెబుతారు. అది రాసేముందు ఏం చేయాలో, రోజుకి ఎన్నిసార్లు రాయాలో మాత్రం సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. అసలు పనంతా అక్కడే ఉంది కాబట్టి కలబంద, పసుపు, సున్నం కలిపి రాసే మందు ఒక్కదాని గురించే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మా పాకలో వాడేది ఇదే.

కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు. కలబంద మట్టలకి ముళ్లు తీసేసి ముక్కలు కోసి, మిగతా రెండూ వేసి మెత్తగా రుబ్బాలి. సున్నం అంటే తమలపాకుకి రాసుకునే తడి సున్నం, అంతేగానీ గోడలకి వేసే పొడి సున్నం రాళ్లు తెచ్చి కలిపితే చన్నుల మీద చర్మం కాలిపోతుంది. పసుపుకి సున్నం తగలగానే ముద్ద ఎర్రబడుతుంది, దిష్టి తీసే ఎర్రనీళ్ల రంగే అది. ఎర్రబడలేదంటే పసుపులో కల్తీ అయినా ఉండాలి, సున్నం చచ్చిపోయి అయినా ఉండాలి.

తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ పుణ్యమూర్తి గారు రైతుల దగ్గరున్న ఇలాంటి వైద్యాలని కొలతలతో సహా ఒక దారిలో పెట్టారు. తర్వాత బెంగళూరు ట్రాన్స్ డిసిప్లినరీ యూనివర్సిటీ వాళ్లు, గుజరాత్ ఆనంద్‌లో ఉన్న జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ) వాళ్లు దీన్ని పాల సంఘాల ద్వారా రైతుల దాకా తీసుకొచ్చారు. నాకు దీని మీద నమ్మకం కుదరడానికి ఈ కొలతలే కారణం, ఎందుకంటే గుప్పెడు, చిటికెడు అని చెప్పే మందు ఒకరికి పనిచేసి ఇంకొకరికి పనిచేయకపోతే తప్పెక్కడుందో ఎవరికీ తెలీదు.

ఇక రాసే పద్ధతి. ముందు వాచిన చన్నులోని పాలు చివరి చుక్క దాకా పిండేయాలి. ఇది జరగకుండా పైన ఎంత మందు పూసినా లోపల సూక్ష్మజీవులు ఆ నిలవ పాలలోనే పెరుగుతూ ఉంటాయి. వాచిన చోట నొప్పి ఉంటుంది కాబట్టి గేదె తంతుంది, పాలు చేపదు, మనకీ చెయ్యి రాదు, అందుకే చాలామంది సగం పిండి వదిలేస్తారు. ముందు దాణా పెట్టి, దూడని దగ్గర కట్టి, ఓపిగ్గా పిండాలి. ఆ పాలు నేల మీద పోయకండి, పాకంతా అంటుకుంటుంది. దూడకి పట్టకండి. గిన్నెలోకి పట్టి దూరంగా గుంటలో పోయండి. తర్వాత పొదుగు కడిగి తుడిచి, ముద్దలోంచి ఒక గుప్పెడు తీసుకుని 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్లలో పలచగా కలిపి పొదుగంతా పూయాలి, వాచిన చోట మాత్రమే కాదు. రోజుకి పది సార్లు, ఐదు రోజులు. ఏ రోజు ముద్ద ఆ రోజే రుబ్బుకోవాలి. దీంతోపాటు పూటకి రెండు నిమ్మకాయలు సగానికి కోసి రెండు పూటలా మూడు రోజులు తినిపించాలి.

పది సార్లు అనగానే చాలామంది ఆగిపోతారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పూసి పసరు మందులు పనిచేయవండీ అంటారు. పొలం పనులు పెట్టుకుని పది సార్లు పూయడం కష్టమే, కాదనను, కానీ ఇంట్లో నలుగురూ వంతులేసుకుంటే అయిపోతుంది.

ఇంకో మాట, ఇది మొదటి రోజే మొదలుపెట్టాలి. మా అమ్మ పితికే ముందు ప్రతి చన్ను నుంచి మొదటి రెండు ధారలు నల్ల గుడ్డ మీద పడేలా తీస్తుంది. పాలు బాగుంటే గుడ్డలోంచి జారిపోతాయి. జబ్బు మొదలైతే చిలికిన మజ్జిగలో వెన్న తునకల్లా తెల్లటి పలుకులు గుడ్డ మీద నిలబడిపోతాయి. పొదుగు అప్పటికింకా వాచి ఉండదు, పట్టుకుంటే కాస్త వెచ్చగా ఉంటుందంతే. పాలు ఉప్పగా అనిపించినా, కాచేటప్పుడు విరిగినా అనుమానించాల్సిందే. వాపు ముదిరి చన్ను గట్టిపడిపోయాక ఏ మందూ ఆ చన్నుని పూర్తిగా వెనక్కి తేలేదు, తర్వాత సంతలో మూడు చన్నుల గేదెకి ఏం ధర పలుకుతుందో పాడి ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

పసరు వైద్యం అంటే నాకు ఇష్టమే, అయినా ఈ విషయం గట్టిగా చెప్పాలి. గేదెకి జ్వరం ఉండి మేత మానేసినా, పాలు నీళ్లలా పసుపుపచ్చగా వస్తున్నా, చెవులు చల్లబడినా, పొదుగు చల్లబడి నీలం తిరిగినా కలబంద కోసం వెతుక్కోవద్దు. అదే పూట డాక్టర్‌ని పిలవండి, లేదంటే 1962కి ఫోన్ చేయండి, పశువుల వైద్యానికి ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు. ఇంజెక్షన్ చేయిస్తే పాలు ఎన్ని రోజులు పక్కన పెట్టాలో అడిగి అన్ని రోజులూ పక్కన పెట్టండి. ఆ పాలు తాగేది ఎవరో ఒకరి పిల్లలే కదా.

చన్ను మూసుకుపోతే వేప ఈనెకి పసుపు, వెన్న రాసి లోపలికి పెట్టే పద్ధతి కూడా ఉంది. మామూలు చేతులతో, పేడ అంటిన పాకలో ఇది చేయడం నాకు అస్సలు ఇష్టం లేదు, ఒక జబ్బు తీయబోయి ఇంకోటి లోపలికి నెట్టినట్టవుతుంది. డాక్టర్ దగ్గరుండి చూపిస్తే తప్ప చేయకండి. పాలలో రక్తం జీర కనిపిస్తే మాత్రం రెండు గుప్పెళ్ల కరివేపాకు బెల్లంతో నూరి రెండు పూటలా తినిపించవచ్చు, అది పొదుగుకి పూసే మందుతో పాటే చేయాలి.

పితికాక చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు, అరగంట దాకా తెరుచుకునే ఉంటుంది. ఆ టైంలో గేదె పేడలో పడుకుంటే జబ్బు అక్కడే మొదలవుతుంది, అందుకే పితకడం అయిపోగానే పచ్చగడ్డి వేసి నిలబెట్టండి. వాపు ఉన్న గేదెని ఎప్పుడూ చివర్లోనే పితకండి.

రోజుకి పావుకిలో చొప్పున ఐదు రోజులకి కిలో పైనే కలబంద కావాలి. కుండీలో పెరిగే ఒక్క మొక్క దానికి సరిపోదు, గేదె ఈనకముందే పాక పక్కన నాలుగైదు పిలకలు నాటుకోండి.