రౌటర్‌కి వేరే రీజియన్ ఫర్మ్‌వేర్ ఎక్కించా, 5 గిగాహెర్ట్జ్ పోయిందనుకున్నా

మా ఇంట్లో రౌటర్ ఫర్మ్‌వేర్‌కి, అంటే దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌కి, అప్‌డేట్లు ఆగిపోయి చాలా రోజులైంది. హార్డ్‌వేర్ మాత్రం గట్టిది, ఒక్కసారి కూడా హ్యాంగ్ అవ్వలేదు, అలాంటిదాన్ని పక్కన పడేసి కొత్తది కొనాలంటే మనసొప్పలేదు. అదే మోడల్‌కి వేరే రీజియన్‌లో ఏం ఇస్తున్నారా అని చూస్తే సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తూనే ఉన్నాయి, పైగా డబ్ల్యూపీఏ3 (వైఫైకి కొత్త సెక్యూరిటీ పద్ధతి) కూడా ఇచ్చారు. బాక్స్ అదే, లోపల చిప్ అదే, మరి మాకెందుకు ఇవ్వరు అని నిజంగానే కోపం వచ్చింది. సరే, ఆ ఫైలే ఎక్కించేద్దాం అని కూర్చున్నా.

మోడల్ నంబర్ కలిసింది కదా అని ఊరుకోవద్దు. అడుగున స్టిక్కర్ మీద దాని పక్కనే చిన్న అక్షరాల్లో హార్డ్‌వేర్ వెర్షన్ ఉంటుంది, అసలు చూడాల్సింది అది. ఒకే పేరుతో అమ్మిన రెండు వెర్షన్లలో చిప్పే వేరే ఉండొచ్చు, లేదా ఒక రీజియన్‌లో 8 ఎంబీ ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ ఉండే మెమరీ) పెట్టి ఇంకో దాంట్లో 4 ఎంబీతో సరిపెట్టి ఉండొచ్చు, అప్పుడు ఆ ఫైల్ ఇందులో పట్టదు. నాది వెర్షన్, ఫ్లాష్ సైజు రెండూ కలిశాయి కాబట్టే ముందుకెళ్లా.

ఇంకో పని కూడా ముందే చేశా, దీనికి మాత్రం నాకు నేనే థాంక్స్ చెప్పుకోవాలి. రౌటర్ ఫ్లాష్‌లో ఫర్మ్‌వేర్ ఒక్కటే ఉండదు, బూట్‌లోడర్‌కి (పవర్ రాగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రామ్) ఒక చోటు, సెట్టింగ్స్‌కి ఒక చోటు, రేడియో క్యాలిబ్రేషన్‌కి ఒక చోటు ఉంటాయి. ఈ క్యాలిబ్రేషన్ అనేది ఫ్యాక్టరీలో ఒక్కో పీస్‌ని కొలిచి రాసిన డేటా, ఏ ఛానెల్‌లో ఎంత గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెడితే ఎంత పవర్ బయటికొస్తుంది అని, నా రౌటర్‌ది ఇంకో రౌటర్‌కి సరిపోదు. నా దాంట్లో అది 64 కేబీ, అంతే. టెల్నెట్‌లో, అంటే ల్యాప్‌టాప్ నుంచి కమాండ్లు కొడుతూ, లోపలికెళ్లి దాన్ని కాపీ చేసి రెండు చోట్ల దాచుకున్నా. మామూలు ఫర్మ్‌వేర్ ఫైల్ ఆ భాగం జోలికి పోదు, కానీ వేరేవాళ్ల రౌటర్ నుంచి తీసిన ఫుల్ డంప్ (ఫ్లాష్ మొత్తం కాపీ) దొరికింది కదా అని రాసేస్తే వాళ్ల మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబర్), వాళ్ల క్యాలిబ్రేషన్ మీ దాంట్లో కూర్చుంటాయి, మీ ఒరిజినల్ ఇక ఎక్కడా దొరకదు. దయచేసి ఆ పని చేయకండి.

అడ్మిన్ పేజీలోంచి అప్‌లోడ్ చేస్తే ఫైల్ చెల్లదు అని తిప్పికొట్టింది, ఫైల్ మొదట్లో ఉండే హెడర్‌లో రీజియన్ కోడ్ ఉంటుంది, దాన్ని చూసి ఆపేస్తుంది. దాంతో టీఎఫ్‌టీపీ రికవరీకి వెళ్లా, అంటే అడ్మిన్ పేజీతో పని లేకుండా కేబుల్ మీదుగా నేరుగా బూట్‌లోడర్‌కే ఫైల్ ఇచ్చే దారి. రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే బూట్‌లోడర్ ఒక ఫిక్స్‌డ్ ఐపీలో ఒక ఫిక్స్‌డ్ పేరున్న ఫైల్ కోసం వెతుకుతుంది, ఆ ఐపీ ఆ పేరు మోడల్‌ని బట్టి మారతాయి. ల్యాప్‌టాప్‌కి ఆ ఐపీ చేత్తో ఇచ్చి, వైఫై ఆపేసి, ఫైర్‌వాల్ ఆపేసి, కేబుల్ పెట్టా, మూడుసార్లు చేసినా తీసుకోలేదు. కారణం చాలా చిన్నది. రౌటర్ ఆన్ అయిన ఆ రెండు మూడు సెకన్లలోనే బూట్‌లోడర్ అడుగుతుంది, నా ల్యాప్‌టాప్ పోర్ట్ మాత్రం అప్పుడే లింక్ పైకి లేపుకుంటూ ఉంటుంది, అది రెడీ అయ్యేసరికి టైమ్ అయిపోతోంది. మధ్యలో ఒక మామూలు నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లు కలిపే బాక్స్) పెట్టా, ఇక ల్యాప్‌టాప్ వైపు లింక్ ఎప్పుడూ పడదు, నాలుగోసారికి గడగడా ఫైల్ లాగేసుకుంది.

బూట్ అయ్యింది, కొత్త మెనూ వచ్చింది, 2.4 గిగాహెర్ట్జ్ లైట్ వెలిగింది. 5 గిగాహెర్ట్జ్ లైట్ వెలగలేదు. అరనిమిషం చూశా, రీస్టార్ట్ చేశా, మళ్లీ అరనిమిషం, ఫ్యాక్టరీ రీసెట్, మళ్లీ రీస్టార్ట్, గుండె జారిపోయింది, రేడియో చంపేశానేమో అనుకున్నా. చివరికి లాగ్ తెరిస్తే ఛానెల్ 100 అని, రాడార్ చెక్ జరుగుతోందని ఉంది. అప్పుడు అర్థమైంది. పాత ఫర్మ్‌వేర్ ఎప్పుడూ 36 మీదే కూర్చునేది, ఈ కొత్తది ఆటోలో డీఎఫ్ఎస్ ఛానెల్, అంటే రాడార్లతో పంచుకోవాల్సిన ఛానెల్, ఎంచుకుంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లలో రాడార్లు కూడా పనిచేస్తాయి కాబట్టి రౌటర్ ప్రసారం మొదలుపెట్టే ముందు 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి, అదీ రూల్. యూరప్‌లో అయితే వాతావరణ రాడార్లు ఉండే 120, 124, 128 ఛానెళ్లకి ఆ వినడం 10 నిమిషాలు. మధ్యలో ఎప్పుడైనా రాడార్ తగిలితే 10 సెకన్లలో ఖాళీ చేసి, అరగంట వరకు ఆ ఛానెల్‌కి తిరిగి రాకూడదు. నేను ముప్పై సెకన్లకోసారి రీస్టార్ట్ కొడుతూ దానికి ఆ నిమిషం దక్కనివ్వలేదు, అంతే జరిగింది. ఈసారి చేతులు కట్టుకుని కూర్చున్నా, నిమిషం దాటాక లైట్ వెలిగింది.

మర్నాడు ప్రింటర్ కనెక్ట్ అవ్వలేదు. 2.4లో రౌటర్ ఛానెల్ 13 తీసుకుంది, ప్రింటర్ 1 నుంచి 11 వరకే వినే రకం, దాని దృష్టిలో మా నెట్‌వర్కే లేదు. 6కి మార్చగానే వచ్చేసింది. రీజియన్ కోడ్ మారిస్తే రౌటర్ ఒక్కటే మారుతుంది, ఇంట్లో మిగతా పరికరాలన్నీ పాత లెక్కలోనే ఉంటాయి, ఇది నాకు ముందే తట్టాల్సింది.

ఇక పవర్ సంగతి. చాలామంది ఈ పని చేసేది దీనికోసమే. యూరప్ రూల్‌లో 2.4కి 100 మిల్లీవాట్లే, అమెరికా రూల్‌లో ట్రాన్స్‌మిటర్ 1 వాట్ దాకా వెళ్లొచ్చు, ఆ కోడ్ పెడితే సిగ్నల్ పది రెట్లు వస్తుందని ఆశ. కానీ మీ ఫోన్ పవర్ మారలేదు కదా. ఒకరు మైకు పట్టుకుని మాట్లాడుతుంటే చివరి వరసకీ వినిపిస్తుంది, చివరి వరసలోవాళ్లు మైకు లేకుండా ఇచ్చే జవాబు మాత్రం ఇక్కడికి రాదు. గీతలు ఫుల్‌గా కనిపిస్తాయి, పేజీ తెరుచుకోదు. పైగా ఆంప్లిఫయర్‌ని దాని స్థాయి దాటి తోస్తే సిగ్నల్ చెదిరిపోయి ఫాస్ట్ రేట్లు నిలబడవు, పక్కింటివాళ్ల వైఫై కూడా నలిగిపోతుంది. అమెరికాలో దేశం కోడ్ మార్చి అనుమతికి మించిన పవర్‌తో నడిపే వీలు ఇచ్చినందుకు రౌటర్ల కంపెనీ టీపీ లింక్ 2016లో అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి 2 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ మధ్య, అంటే పైన చెప్పిన 120, 124, 128 ఛానెళ్ల దగ్గర, విమానాశ్రయాల దగ్గర ప్రమాదకరమైన గాలి మార్పులు పసిగట్టే రాడార్లు పనిచేస్తాయి, అక్కడ అడ్డం పడే హక్కు మనకి లేదు అని నేను గట్టిగా నమ్ముతా.

కొత్త ఫర్మ్‌వేర్ లిస్టులో మా దేశం లేదు. అందుకే ఆటో రెండు బ్యాండ్లలోనూ ఆపేసి, రెండు రీజియన్లలోనూ అనుమతి ఉన్న ఛానెళ్లే పెట్టా, 2.4లో 6, 5లో 36, పవర్ హై నుంచి మీడియంకి దించా. మూల గదిలో స్పీడ్ టెస్ట్ చేస్తే తేడా కనపడలేదు. ప్యాచ్‌లు కావాలని మొదలుపెట్టా, అవి వచ్చాయి.

రౌటర్ అడుగున స్టిక్కర్ పక్కన ఇప్పుడు ఒక చిన్న కాగితం అంటించి ఉంది. దాని మీద హార్డ్‌వేర్ వెర్షన్, పాత ఫర్మ్‌వేర్ ఫైల్ పేరు, రికవరీ ఐపీ, ఆ 64 కేబీ కాపీ ఏ పెన్‌డ్రైవ్‌లో ఉందో రాసుకున్నా. చివరి లైన్ పెద్దక్షరాలతో: లైట్ రాకపోతే ఒక నిమిషం ఆగు.