దిగే సిగ్నల్ బాగుంది, ఎక్కేదే రావట్లేదు: ఒక కేబుల్ ఫిర్యాదు, నా అనుభవం

విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ, రెండో అంతస్తు. "పొద్దున్న మీటింగుల్లో బొమ్మ ఆగిపోతోందండీ, మధ్యాహ్నానికి అదే బాగైపోతోంది" అని మా కేబుల్ ఇంటర్నెట్ కస్టమర్ ఫిర్యాదు. లైన్‌మన్‌ని పంపక ముందు డెస్కు దగ్గర కూర్చుని ఎంతవరకు తేల్చానో రాస్తున్నా. కోయాక్సియల్ వైరు (టీవీ కేబుల్ వైరు) మీద డాక్సిస్ 3.0 (కేబుల్ ఇంటర్నెట్ ప్రమాణం) మోడెమ్ ఉన్న చోటికే ఇది. ఫైబర్ లెక్కలు వేరు.

ముందుగా, "ఒకసారి ఆపి ఆన్ చేయండి సార్" అనే అలవాటు మానుకోవాలి. రీబూట్ చేస్తే ఎర్రర్ కౌంటర్లు సున్నా అవుతాయి, వంకర సిగ్నల్‌ని సరిచేసుకోవడానికి మోడెమ్ కుదుర్చుకున్న ఈక్వలైజర్ విలువలూ పోతాయి. ఆధారాలు మన చేత్తో మనమే చెరిపేసినట్టు. రీడింగులు తీశాకే రీబూట్. వైఫై మీద అనుమానం తీరడానికి ల్యాప్‌టాప్‌కి లాన్ వైరు పెట్టించాను. అప్పుడూ ఆగింది.

ఉదయం 7 గంటలకి సీఎంటీఎస్‌లో (ఇళ్లలోని మోడెమ్‌లన్నిటితో మాట్లాడే మా వైపు యంత్రం) ఆ మోడెమ్ తెరిచాను. (చాలా మోడెమ్‌లలో కస్టమర్ కూడా బ్రౌజర్‌లో 192.168.100.1 కొట్టి ఇవే చూడొచ్చు.) దిగే (ఇంటికి వచ్చే) 8 చానెళ్ల పవర్ −1 నుంచి +2 డీబీఎంవీ (సిగ్నల్ బలం కొలత), ఎస్ఎన్ఆర్ (రొద కంటే సిగ్నల్ ఎంత ఎక్కువో) 37 డీబీ. డాక్సిస్ −15 నుంచి +15 దాకా ఒప్పుకుంటుంది, నేను మాత్రం −7, +7 మధ్య ఉంటేనే నిశ్చింతగా ఉంటాను. 256 క్వామ్‌కి (సిగ్నల్‌లోకి డేటా ఎక్కించే ఒక పద్ధతి) ఎస్ఎన్ఆర్ 33 దాటితే చాలు. ఇటువైపు వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఎక్కే దారిలో, అంటే మోడెమ్ పైకి పంపే పవర్ 50.5. నాలుగు చానెళ్లు కలిపి 64 క్వామ్‌లో వాడినప్పుడు 51 దగ్గరే దాని గరిష్ఠం, అంటే గొంతు చించుకుని అరుస్తోంది. లాగ్‌లో టీ3 ఎర్రర్లు వరసగా ఉన్నాయి, టీ4 ఒక్కటీ లేదు. మోడెమ్ అడిగినదానికి జవాబు రాకపోతే టీ3. 30–35 సెకన్లు దాని వంతే రాకపోతే టీ4, దానికి ఎక్కువసార్లు దిగే దారే కారణం. ఎక్కే దారిలో సరిదిద్దలేని కోడ్‌వర్డ్‌ల (డేటా ముక్కల) అంకె రాసుకుని 15 నిమిషాల తర్వాత మళ్లీ చూశాను, పెరిగింది. ఆ కౌంటర్ ఎప్పటినుంచో పోగైనది కాబట్టి ఒక్కసారి చూసి ఏమీ చెప్పలేం.

తర్వాత ఇరుగుపొరుగు. అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే అంటాను. అదే ట్యాప్ (ఇళ్లకి వైర్లు విడిపోయే పెట్టె) మీది మిగతా మోడెమ్‌లు 41–43లో ఉన్నాయి. అందరివీ పెరిగి ఉంటే యాంప్లిఫయరో ట్రంకో (ప్రధాన వైరు) చూడాలి. ఒక్కటే పెరిగింది గనక తప్పు ట్యాప్‌కీ మోడెమ్‌కీ మధ్యే.

ఎనిమిది డీబీ ఎక్కడ పోయింది? ఒక వైరుని రెండుగా పంచే స్ప్లిట్టర్ ఒక్కొక్కటి 3.5 డీబీ తింటుంది, రెండు వరసగా పెడితే 7. కానీ స్ప్లిట్టర్ దిగే సిగ్నల్నీ అంతే తగ్గించాలి. వైరులోకి నీళ్లు దిగితే పై ఫ్రీక్వెన్సీలకే ఎక్కువ దెబ్బ. ఇక్కడ తిరగబడింది: కింది చానెలే కాస్త తక్కువ, ఇంకా కిందున్న ఎక్కే దారి (5–65 మెగాహెర్ట్జ్) బాగా తక్కువ. మధ్య తీగ సరిగా తగలనప్పుడు ఆ సందు కెపాసిటర్‌లా పనిచేసి ఎక్కువ ఫ్రీక్వెన్సీని పోనిచ్చి, తక్కువదాన్ని అడ్డుకుంటుంది. పూటను బట్టి మారడం చూస్తే బయటి కనెక్టర్ అనిపించింది. మంచూ ఎండా తగిలేది దానికే, పైగా సముద్రం పక్కన ఉప్పుగాలి. మోడెమ్ వెనక వైరు మెల్లగా కదిపించి చూశాను, పవర్ మారలేదు. లోపలి కనెక్టర్ బాగుందన్నమాట.

దూరం ఈక్వలైజర్ చెప్పింది. దాని ఒక్కో మెట్టు ఒక్కో ఆలస్యంతో వచ్చే ప్రతిధ్వనిని సరిచేస్తుంది. ఎక్కే చానెల్ 6.4 మెగాహెర్ట్జ్ అయితే ఒక్కో మెట్టు 0.195 మైక్రోసెకన్లు. ఆర్‌జీ6లో (ఇళ్లకి వేసే కోయాక్సియల్ వైరు రకం) సిగ్నల్ కాంతి వేగంలో దాదాపు 85 శాతంతో పోతుంది, ప్రతిధ్వని వెళ్లి రావాలి కాబట్టి సగం చేస్తే మెట్టుకి సుమారు 25 మీటర్లు. ముఖ్యమైన మెట్టు తర్వాత మొదటి మెట్టే లేచి ఉంది. అంటే సిగ్నల్‌ని వెనక్కి కొడుతున్న చోట్లు రెండు, మధ్య 25 మీటర్లకు అటూఇటూ. మేడ మీది ట్యాప్ నుంచి ఫ్లాట్ స్ప్లిట్టర్ దాకా వైరు కూడా దాదాపు అంతే.

లైన్‌మన్‌కి రెండు చోట్లూ చెప్పి పంపాను. ట్యాప్ దగ్గర ఎఫ్ కనెక్టర్‌లో మధ్య తీగ పొట్టిగా ఉండి చిలుము పట్టింది, స్ప్లిట్టర్‌లో ఒక పోర్టు ఖాళీగా వదిలేశారు. వైరు 30 సెంటీమీటర్లు వెనక్కి, లోపలి లోహపు అల్లిక మెరిసేదాకా కోసి, కంప్రెషన్ కనెక్టర్ వేశాడు. మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి 3 మిల్లీమీటర్లు రావాలి. చేత్తో బిగించాక 11 నంబర్ స్పానర్‌తో పావు తిప్పు, అంతకు మించితే ట్యాప్ పోర్టు పాడవుతుంది. పైన రబ్బరు బూటు, కనెక్టర్ ముందు వైరుకి నీళ్లు కారిపోయేలా కిందికి ఒక వంపు, ఖాళీ పోర్టుకి 75 ఓమ్‌ల టెర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి కొట్టకుండా ఆపే మూత).

పని అయ్యేసరికి మధ్యాహ్నం. వెంటనే పవర్ 42.5కి దిగింది. ఫిర్యాదు మాత్రం మూయలేదు, ఎందుకంటే మధ్యాహ్నం పూట అది ఎప్పుడూ బాగానే ఉండేది. మర్నాడు ఉదయం 6 నుంచి 8 దాకా చూశాను. 43 దాటలేదు, కొత్త టీ3 పడలేదు. అదే ట్యాప్ మీద ఇంకో ఇంటిది మాత్రం ఆ రెండు గంటల్లోనే 43 నుంచి 46కి ఎక్కి దిగింది. వాళ్లు ఇంకా ఫోన్ చేయలేదు.