కోచెల్లాలో పాటలకన్నా వెలుగే గుర్తుండిపోయింది

2019 ఏప్రిల్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగే కోచెల్లా సంగీతోత్సవానికి వెళ్లొచ్చానని తెలిసినవాళ్లంతా ఎవరి పాటలు విన్నావనే అడుగుతారు. విన్నాను, బాగున్నాయి. కానీ ఇళ్లకీ షాపులకీ లైటింగ్ డిజైన్ చేయడం నా పని. ఏ స్టేజీ ముందున్నా చూపు స్పెక్ట్రా మీదికే పోయేది.

స్పెక్ట్రా అంటే ఏడంతస్తుల గుండ్రటి టవర్. న్యూసబ్‌స్టాన్స్ అనే బ్రిటిష్ స్టూడియో చేసింది. కోచెల్లా జరిగే ఇండియో ఊళ్లోని ఎంపైర్ పోలో క్లబ్ మైదానంలో దాన్ని మొదటిసారి నిలబెట్టింది 2018లో. లోపల మెలి తిరుగుతూ పైకి పోయే దారి, చుట్టూ రంగురంగుల పలకలు. పగలు అక్కడ పనంతా సూర్యుడిదే. పసుపు పలక ముందు నా తెల్ల కుర్తీ పసుపు ముద్దలా ఉంది. కాస్త ముందుకెళ్లి నీలం వెలుగులోకి రాగానే మా ఆయన ఎర్ర చొక్కా దాదాపు నల్లగా మారిపోయింది. నీలంలో ఎరుపు లేదు కదా, చొక్కా తిప్పి పంపడానికి ఏమీ మిగల్లేదు. చేతులు చాపి, వెనక్కీ ముందుకీ నడిచి చూసుకున్నాం. వెనకొచ్చేవాళ్లు కూడా అదే పని.

నారింజ రంగు దగ్గర కాసేపు నిలబడితే కన్ను దానికి అలవాటు పడిపోతుంది. తర్వాత బయటికొచ్చి చూస్తే మామూలు వెలుగే నీలంగా అనిపిస్తుంది. ఈ సంగతి చదువుకున్నదే. కానీ ఒంటి మీదికి వస్తే ఎంత బలంగా ఉంటుందో అక్కడే తెలిసింది.

మాది చిలకలూరిపేట. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి తరలే విద్యుత్ ప్రభలు చూస్తూ పెరిగాను. ప్రభ ముందు నిలబడి తలెత్తి చూస్తాం, బల్బుల వరసలన్నీ మనవైపే తిరిగి ఉంటాయి. స్పెక్ట్రాలో అయితే వెలుగు లోపలికే నడిచి వెళ్తాం. చీకటి పడి ఎల్ఈడీలు వెలిగాకే అదీ ప్రభలా దూరం నుంచి పిలుస్తుంది.

ఆ ఏడాదే అక్కడ ఫ్రాన్సిస్ కెరే అనే ఆర్కిటెక్ట్ కట్టిన 'సర్బాలే కె' కూడా చూశాను. ఆయన ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోలోని గాండో ఊరివాడు, 2022లో ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నాడు. లావు మాను ఉండే బావొబాబ్ చెట్లని తలపించే పన్నెండు గోపురాలవి. పగలు ఎండకి తట్టుకోలేక జనం వాటి నీడకి చేరేవాళ్లు, రాత్రి వాటి వెలుగు చుట్టూ కూర్చునేవాళ్లు. నాకు అది చాలా గొప్పగా అనిపించింది. అక్కడే పెట్టిన పెద్ద వ్యోమగామి బొమ్మ దగ్గర మాత్రం ఫొటో దిగాక చేయడానికి ఏమీ లేదు.

ఎవరైనా వెళ్తే సూర్యుడు దిగుతున్నప్పుడు స్పెక్ట్రా లాంటి వాటిలో ఉండేలా చూసుకోండి, ఏప్రిల్లో అక్కడ ఏడు దాటాక. బయటి వెలుగూ లోపలి వెలుగూ సమానమయ్యే ఆ కాసేపు కోసం ఒక పాట వదులుకున్నా ఫర్వాలేదు.