బరంపురం తిండి కోసం జర్మనీలో నా వెతుకులాట

విదేశానికి వచ్చాక ఏది ఎక్కువ గుర్తొస్తుందని అడిగితే నేను మొహమాటం లేకుండా తిండి అనే చెబుతాను. మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం, విశాఖ వైపు నుంచి రైల్లో వస్తే ఇచ్ఛాపురం దాటాక తగిలే పెద్ద ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రెండూ మాకు చిన్నప్పటి నుంచే వచ్చేస్తాయి. తిండీ అంతే. పొద్దున్నే బండి దగ్గర ఉప్మా మీద వేడివేడి ఘుగుని (బఠాణీల కూర) పోయించుకుని తింటాం, మధ్యాహ్నం ఇంట్లో పప్పుచారూ ఉంటుంది, పంచఫుటణ అనే ఐదు దినుసుల పోపు పెట్టిన డాల్మా, అంటే కూరగాయల పప్పు, కూడా ఉంటుంది, ఎండలు ముదిరాక గంజినీళ్లలో పులిసిన తరవాణి అన్నం, పక్కన వేయించిన బడీలు (మినప వడియాలు), ఎండు నెత్తళ్లు, ఓ ఉల్లిపాయ. ఇది ఆంధ్రా భోజనమా ఒడియా భోజనమా అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

ఉద్యోగం మీద జర్మనీలో లైప్‌జిగ్ వచ్చాక మాత్రం ఆలోచించాల్సి వచ్చింది, ఎందుకంటే ఇక్కడ ఏ షాపుకి వెళ్లినా మన తిండి ఏదో ఒక రాష్ట్రం పేరు మీదే ఉంటుంది.

ఇండియన్ షాపు ఉంది కదా అంటారు, ఉంది. బాస్మతి, పనీర్, మసాలా ప్యాకెట్లు, ఫ్రీజర్‌లో పరాటాలు, ఓ అరలో ఆవకాయ, గోంగూర సీసాలు. నేనూ కొన్నాను. ఎగుమతికి చేసే ఊరగాయల్లో చాలావాటికి నిల్వ కోసం ఎసిటిక్ ఆమ్లం కలుపుతారు, ఆ వెనిగర్ పులుపు నాలిక్కి వేరేగా తెలిసిపోతుంది. ఆవనూనె సీసా మీద ఒంటికి రాసుకోవడానికి మాత్రమే అని ఉంటుంది, అందులో ఎరూసిక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువని ఇక్కడ దాన్ని వంటనూనెగా అమ్మనివ్వరు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే హైదరాబాద్, గుంటూరు వాళ్లు ప్రేమగానే సమాధానం చెప్పారు, కానీ వాళ్ల బెంగ బిర్యానీ మీద, గోంగూర మీద. ఒడియా వాళ్లు పండగకి పిలిచి కడుపునిండా పెట్టారు, కానీ నన్ను తెలుగమ్మాయి అనుకుని నా కోసమని సాంబారు చేశారు. ఆ మర్యాదకి కళ్లు చెమర్చాయి, నాకు కావలసింది మాత్రం వాళ్ల వంటింట్లో ఉన్న, వడియాలు నలిపి చేసే బడి చూరా.

మొదటి చలికాలం అలా గడిచింది. తర్వాత పద్ధతిగా పట్టుకున్నాను. కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూట్‌కేసు సంగతి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి, కోవా, విరిగిన పాలతో కాల్చి చేసే మన ఛెనాపొడొ, వేటమాంసం పచ్చడి అన్నీ పోయినట్టే. 2019 డిసెంబర్ 14 నుంచి తాజా పళ్లు, కూరగాయలు, ఆకులకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి, కాబట్టి పచ్చి కరివేపాకు రెమ్మలు, మామిడికాయలు సూట్‌కేసులో కుక్కుకోవడం కుదరదు. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, డ్యూరియన్, ఈ ఐదు పళ్లకే మినహాయింపు. కొబ్బరికాయ సరే కదా అని మా వాళ్లు శ్రీకాకుళం జిల్లా కవిటి నుంచి తెచ్చిన కురిడీలు (ఎండు కొబ్బరికాయలు) కూడా సర్దబోయారు. అవి విమానంలోనే ఎక్కనివ్వరు, నూనె ఎక్కువై వేడికి వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉందని నిషేధం. ఇక అందరూ భయపడేదేమో ఎండు చేపలకి. నిజానికి చేపలు, రొయ్యలు సొంత వాడకానికి 20 కిలోల దాకా అనుమతే, ఎండువైనా సరే. ఈ సంగతి తెలిసిన రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. మా బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ తీరం ఎండు నెత్తళ్లు, రొయ్యపప్పు (ఎండు రొయ్యలు) అమ్మ రెండేసి కవర్లలో కట్టి, ఆ కవర్లని మళ్లీ స్టీలు డబ్బాలో పెట్టి మూత చుట్టూ టేపు వేసింది, వాసన బయటికి రాలేదు.

ఊరగాయలు, పొడులు, అప్పడాలకి ఇబ్బంది లేదు, మా బరంపురం అప్పడాలకీ ఊరగాయలకీ ఒడిశా అంతటా పేరుంది కూడా. ఊరగాయ మాత్రం చేతి సంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, పెద్ద సామాన్లోనే వెయ్యాలి. సీసా కంటే మందపాటి ప్లాస్టిక్ డబ్బా మేలు, నూనె పైన తేలేంత పోయకుండా ముక్క తడిసేంతే పోసి, మిగతా నూనె ఇక్కడికి వచ్చాక కాచి చల్లార్చి కలుపుకోవచ్చు. డబ్బాని పాత నేత చీర ముక్కలో చుట్టాలి, కాస్త కారినా గుడ్డే పీల్చుకుంటుంది. కరివేపాకు నీడలో గలగలలాడేలా ఎండబెట్టుకుని తెచ్చుకుంటే పొడులకి చాలు.

పార్సిల్ కథ వేరు. ఇంటి నుంచి ఇంటికి పంపే బహుమతి అయితే 45 యూరోల విలువ దాకా సుంకం ఉండదు, కానీ సీఎన్ 23 అనే కస్టమ్స్ ఫారంలో లోపల ఏముందో వస్తువు వస్తువుగా రాయాలి, ఊరికే ఆహార పదార్థాలు అని రాస్తే ఆగిపోతుంది. పాలు, మాంసం నిషేధం పార్సిల్‌కీ వర్తిస్తుంది. ఓసారి ఒక ప్రైవేటు కొరియర్ వాళ్లు అన్నీ వెళ్తాయమ్మా అని అమ్మకి భరోసా ఇచ్చి పెట్టె తీసుకున్నారు, ఇక్కడ కస్టమ్స్ నుంచి నాకు ఉత్తరం వచ్చింది, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లాను. ఆఫీసరు నా ఎదురుగానే పెట్టె తెరిపించి ఒక్కొక్కటీ ఏమిటని ఓపిగ్గా అడిగాడు. నువ్వుల పొడి, అప్పడాలు, మామిడి ఒరుగులు ఇచ్చేశాడు, నెయ్యి సీసా, కోవా బిళ్లలు పక్కన పెట్టేశాడు. ఫోన్లో చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "మన ఆవు నెయ్యే తల్లీ, బజారుది కాదని చెప్పలేకపోయావా" అంది చివరికి. నాకూ గొంతు పట్టేసింది. ఆ నెయ్యి కాచిన చేతులు నాకు తెలుసు, ఆ ఆఫీసరుకి తెలియవు, రూలు ప్రకారం తన పని తను చేశాడు. అప్పటి నుంచి జర్మన్ వెన్న కొనుక్కుని ఇంట్లోనే కాచుకుంటున్నాను, చివర్లో రెండు తమలపాకులు వేసి. చాలా బాగా వస్తుంది, ఉప్పు లేని వెన్న అయితే చాలు.

తమలపాకులు ఎక్కడివంటారా? బెర్లిన్‌లో లిష్టెన్‌బెర్గ్ అనే పేటలో డాంగ్ షువాన్ సెంటర్ అని పెద్ద వియత్నాం బజారు ఉంది. తూర్పు జర్మనీ రోజుల్లో, 1980లలో, వియత్నాం నుంచి వేలమంది కార్మికుల్ని ఒప్పందం మీద తెచ్చారు, బెర్లిన్ గోడ కూలాక చాలామంది ఇక్కడే ఉండిపోయి షాపులు పెట్టుకున్నారు. పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక అన్నయ్య, వదిన బెర్లిన్‌లో ఉంటారు, నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లింది వదినే. "ఇండియన్ షాపుల వెనకాల తిరగడం మానెయ్యమ్మా, మన ఆకూ అలమూ వీళ్ల దగ్గరే ఉంటాయి" అంది. లోపలికి వెళ్లి నిలబడిపోయాను. తూటికూర కట్టలు కట్టలుగా! చెరువు గట్టున కోసుకొచ్చి వెల్లుల్లితో వేయించే ఆ కూర వాళ్లకి రోజువారీ కూరట. అరటిపువ్వు, చేమదుంపలు, వెదురు కొమ్ములు, ములగాకు, పచ్చి మామిడికాయలు, ఎండు రొయ్యలు మూడు సైజుల్లో. వరి, చెరువు, సముద్రం ఉన్నచోట మనుషులు తినేవి దగ్గరదగ్గరగానే ఉంటాయని నాకు అక్కడ బాగా అర్థమైంది. కౌంటరు దగ్గర ఉన్న పెద్దావిడకి హిందీ రాదు, నాకు వియత్నామీస్ రాదు, ఇద్దరం వచ్చీరాని జర్మన్‌లోనే తూటికూర ఎలా వండాలో చెప్పుకున్నాం.

వదిన నేర్పిన ఇంకో గొప్ప విషయం పనసపొట్టు. ఉప్పునీళ్లలో వేసిన లేత పనసకాయ ముక్కల డబ్బా అక్కడ చవకగా దొరుకుతుంది, తియ్యటి పాకంలో వేసిన పండు డబ్బా పక్కనే ఉంటుంది, చూసి తీసుకోవాలి. ముక్కల్ని బాగా కడిగి గట్టిగా పిండి, కత్తితో పొట్టులా కొట్టి, చింతపండు రసంలో మగ్గించి, పోపు పెట్టి, దించాక ఆవపిండి, కాస్త పచ్చినూనె కలిపితే మా మేనత్త ఇంటి పెళ్లిభోజనమే అనిపించింది. అక్కడి మామిడికాయలు మాత్రం ఆవకాయకి పనికిరావు, థాయ్ రకం, పులుపు తక్కువ, టెంక కట్టు ఉండదు, కొద్దిరోజులకే మెత్తబడిపోతాయి. పప్పులోకి, తురుము పచ్చడికి సరే.

ఉప్పుడు బియ్యం కోసం శ్రీలంక తమిళుల షాపులు చూడండి. వాళ్లు 1980ల నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడినవాళ్లు, జర్మనీలో చాలా ఊళ్లలో వాళ్ల దుకాణాలున్నాయి, కరివేపాకు, ములక్కాడలు, ఎండు చేపలు కూడా ఉంటాయి. ఏదీ కుదరకపోతే ఇడ్లీ బియ్యంతో నడిపించొచ్చు. బెండకాయలు, కొత్తిమీర కట్టలు, చింతపండు అయితే లైప్‌జిగ్‌లోనే ఐసెన్‌బాన్ స్ట్రాస్ వీధిలో అరబ్బు షాపుల్లో కొంటాను.

పుల్లకూరల విషయంలో నాకు జర్మన్ తోటలే దారి చూపించాయి. ఇక్కడివాళ్లు సూపుల్లో వేసుకునే సావరాంప్ఫర్ అనే పుల్లటి ఆకు ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఏడు రకాల ఆకులతో చేసే పచ్చ సాస్‌లోనూ అది ఉంటుంది. మన చుక్కకూర జాతిదే, శాస్త్రీయ నామంలో రెండూ రూమెక్స్‌లే. పప్పులో వేస్తే తేడా కనిపెట్టడం కష్టం. వసంతంలో రబార్బ్ అనే పుల్లటి కాడలు వస్తాయి, జూన్ 24తో వాటి సీజన్ అయిపోయినట్టు లెక్క, వాటి కాడలతో పప్పు, రొయ్యపప్పు వేసి పులుసు పెట్టొచ్చు. ఆకులు విషం, కాడలే వాడాలి.

అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టింది తరవాణి. మా ఇంట్లో కుండ ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు, గంజీ నీళ్లూ పోస్తూ ఉంటే ఎండకి అదే పులిసేది. ఇక్కడ గది వేడి ఇరవై డిగ్రీలు, పులవడానికి కావలసిన బాక్టీరియాకి ముప్పై దగ్గర హాయి. అన్నం నీళ్లలో నానుతుంది తప్ప పులవదు, చప్పగా చల్లగా ఉంటుంది. మా పక్కింటి జర్మన్ మామ్మగారు సావర్‌క్రౌట్ కోసం క్యాబేజీ పులియబెట్టే పాత రాతి జాడీ ఒకటి నాకు ఇచ్చేశారు, మన ఊరగాయ జాడీలాగే ఉంటుంది. ఆవిడే చెప్పారు, మొదట వెచ్చగా ఉంచి పులుపు ఎక్కాక చల్లటి చోటికి మార్చాలని. అలాగే చేశాను. ఉప్పుడు అన్నం మెత్తగా వండి చల్లార్చి, గంజి కలిపిన కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ఒక చెంచాడు మజ్జిగ వేసి, ఓవెన్‌లో లైటు మాత్రం వెలిగించి రాత్రంతా ఉంచాను, చలి మరీ ఎక్కువైతే రెండు రాత్రులు. పైకి సన్నటి బుడగలు వచ్చి పుల్లటి వాసన తగిలితే అయినట్టే. నల్లగానో గులాబీగానో ఏదైనా పైన కడితే మాత్రం మొత్తం పారబోయాలి, ఆశ పడకూడదు. తర్వాతి వాయికి పాత తరవాణి ఓ గ్లాసు పక్కన ఉంచుకుంటే మజ్జిగ అక్కర్లేదు.

మార్చి 20న ఒడియా వాళ్లు ఎక్కడున్నా పఖాళ దిబస చేసుకుంటారు, పఖాళ అంటే నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన అన్నం, దాని పండగన్నమాట. బెర్లిన్‌లో ఆ రోజు కలిసేవాళ్లు ఈసారి మమ్మల్నీ పిలిచారు. నేను నా జాడీ ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను, వదిన పనసపొట్టు, నేను నెత్తళ్ల వేపుడు, కాల్చిన బరంపురం అప్పడాలు. వాళ్ల పఖాళలో నా తరవాణి కలిపి అందరికీ పోశారు. కటక్ నుంచి వచ్చిన ఒక అపా (అక్క) గ్లాసుతో తాగి, "గంజాం వాళ్లకే ఈ పులుపు తెలుసు" అని ఇంకో గ్లాసు అడిగింది. తెలుగమ్మాయి అని ఎవరూ అనలేదు, సాంబారు ఎవరూ చేయలేదు. ఆ పూట నేను తిన్నంత తృప్తిగా ఈ దేశంలో ఎప్పుడూ తినలేదు.

ఇంకా దొరకనివి ఉన్నాయి. ఛెనాపొడొ కోసం పాలు విరగ్గొట్టి ఓవెన్‌లో చేస్తున్నాను, సాల్ ఆకు వాసన రాదు గానీ పైన మాడిన తీపి వస్తోంది. ఆవకాయ అమ్మ పెట్టిందే రావాలి, దానికి వేరే దారి లేదు. తాటిముంజలు వియత్నాం షాపులో డబ్బాలో ఉంటాయి, పంచదార పాకంలో నాని నాని గట్టిగా ఉంటాయి, వాటిని ముంజలు అనడానికి నాకు మనసొప్పదు. వాటికోసం మే నెలలో ఊరెళ్లాల్సిందే, ఆఫీసులో సెలవు అడిగాను, ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.