ఇందులో ఏముంది బాబూ?

ఈరోజు ముగ్గురం వెళ్ళాల్సింది, ఇద్దరమే వెళ్ళాం. చెప్పులేసుకుంటుండగా మా ఆయనకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "టేబుల్ బుక్ చేశాం కదా, మీరిద్దరూ వెళ్ళిరండి" అనేసి లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నారు. వెళ్ళేది ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌కి. నాతో వచ్చేది అత్తయ్య. డెబ్బై రెండేళ్ళ మనిషి, మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టరు. నా టెన్షన్ అక్కడే మొదలైంది.

"ఫ్యూజన్ అంటే ఏంటమ్మాయ్?" అని దారిలో అడిగారు.

"రెండు మూడు దేశాల వంటల్ని కలిపి చేస్తారు అత్తయ్యా."

"కలపడం దేనికి?"

నిజమే, దేనికి? చటుక్కున ఏమీ తోచక, రోడ్డు దాటే హడావిడిలో మాట దాటేశాను.

లోపల కాగితపు లాంతర్లు, వెదురు చాపలు, గోడ మీద ఎగసిపడుతున్న పెద్ద కెరటం బొమ్మ. ఇలాంటి చోట్ల మామూలుగా ఉండేవే. మెనూ మాత్రం అట్లాసులా ఉంది. ఒకే పేజీలో జపాన్, కొరియా, థాయ్‌లాండ్, వియత్నాం, చైనా. కొన్ని పేర్ల పక్కన చిన్న ఆకుపచ్చ ఆకు బొమ్మ. ఆకు ఉంటే శాకాహారం. హమ్మయ్య అనుకున్నాను. ఆకు ఉన్నవే ఆర్డర్ చేస్తే సరిపోతుంది, గొడవ ఉండదు.

అత్తయ్య నలభై ఏళ్ళకి పైగా వంటింట్లో గడిపారన్న సంగతి మర్చిపోయాను.

ఆర్డర్ రాసుకోవడానికి వచ్చిన అబ్బాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. మిసో సూప్ దగ్గర మొదలైంది.

"ఇందులో ఏముంది బాబూ?"

"వెజ్జేనండీ. సోయాబీన్ పేస్టు, టోఫు, సముద్రపు నాచు, ఉల్లికాడలు."

"మరి నీళ్ళు?"

"నీళ్ళంటే..."

"ఉత్త నీళ్ళేనా, దేన్నైనా మరిగించి వడకట్టిన నీళ్ళా?"

ఆ ప్రశ్న నాకు తట్టనే తట్టదు. మిసో సూప్ గురించి నేను చాలా చదివాను, చాలాసార్లు తాగాను కూడా. ఆవిడ మొదటిసారి పేరు విన్నారు. అయినా చారులో అసలు పని చేసేది పైన తేలేవి కాదని, కింది నీళ్ళని ఆవిడకి తెలుసు. అబ్బాయి లోపలికెళ్ళి అడిగొచ్చాడు. మొహం కాస్త మారింది. "దాషీ వాడతారట మేడమ్. దాంట్లో చేప ఉందట."

జపాన్ వంటలో దాషీ అంటే కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండబెట్టి పొగపెట్టిన బొనీటో చేప తురుముతో కాచే పల్చటి రసం. సూపు, సాసు, ఉడకబెట్టిన కూర, వాటిలో చాలావాటికి అదే ఆధారం. చేప ముక్క కంటికి కనబడదు కాబట్టి మెనూ రాసినవాళ్ళకి ఆకు బొమ్మ వేసేయడానికి చెయ్యి వణకలేదు.

తర్వాత కిమ్చీ, క్యాబేజీతో పెట్టే కొరియా ఊరగాయ. దాని పక్కనా ఆకు ఉంది. అబ్బాయి మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. ఉప్పులో ఊరిన రొయ్యలు వేస్తారట. కొరియాలో మామూలు కిమ్చీకి ఇది అలవాటే. బౌద్ధాలయాల్లో చేసుకునే కిమ్చీలో మాత్రం చేపలూ రొయ్యలూ ఉండవు, వెల్లుల్లి కూడా వెయ్యరు. ఆ తర్వాత థాయ్‌లాండ్ గ్రీన్ కర్రీ. ముద్ద నూరేటప్పుడే రొయ్యల పేస్టు పడుతుంది, చివర్లో ఉప్పుకి బదులు ఫిష్ సాసు. మూడుసార్లు లోపలికెళ్ళాడు పాపం, మూడుసార్లూ తల దించుకునే వచ్చాడు. పక్క టేబుల్ వాళ్ళు మా వైపే చూస్తున్నారు. "అత్తయ్యా, ఉత్త అన్నం, కూరగాయలు చెప్పేద్దామా" అన్నాను మెల్లగా.

"ఉండమ్మాయ్. తెలియక అడుగుతున్నాను, పోట్లాడట్లేదుగా."

నాలుగోసారి వంటాయనే వచ్చాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వస్తుంటే, గొడవ పెట్టుకోవడానికేనని నేను గట్టిగా అనుకున్నాను. వచ్చి, "నీళ్ళ గురించి అడిగింది మీరేనా అమ్మా?" అన్నాడు. ఆ ఆకుల బొమ్మలు తప్పేనని, మెనూ తను వేయించింది కాదని, అయినా క్షమించమని అన్నాడు. రాత్రి నానబెట్టిన కొంబు, ఎండు షియిటాకే పుట్టగొడుగుల నీళ్ళు వేరే వంటకం కోసం ఉన్నాయట. దాంతో సూపు చేసిస్తాను, పది నిమిషాలు ఓపిక పట్టమన్నాడు. కొంబుని మరిగించకూడదని, మరిగే ముందే తీసెయ్యాలని, లేకపోతే జిగురొచ్చి వగరెక్కుతుందని కూడా చెప్పాడు. అత్తయ్య ఆ చివరి మాటకి తల ఊపిన తీరు చూడాలి. ఒక వంటమనిషి ఇంకో వంటమనిషితో మాట్లాడుతున్నట్టుంది. మధ్యలో నేను దుబాసీని కూడా కాదు, ఊరికే ఉన్నాను.

చేపకి బదులు పుట్టగొడుగు అంటే ఏదో సర్దుబాటు అనుకుంటాం. కాదు. 1908లో ఇకెడా కికునాయె అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త కొంబు నుంచి గ్లుటమేట్‌ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు కొడామా బొనీటో చేపలో ఇనోసినేట్ అనే ఇంకో పదార్థాన్ని పట్టుకున్నాడు. ఎండు షియిటాకేలో ఉండే గ్వానిలేట్ సంగతి 1957లో కునినాకా తేల్చాడు. ఈ రెంటిలో ఏది గ్లుటమేట్‌తో కలిసినా రుచి కూడికలా కాదు, హెచ్చవేతలా పెరుగుతుంది. అంటే కొంబుకి జోడీగా చేప చేసే పనే పుట్టగొడుగూ చేస్తుంది. ఇదంతా అత్తయ్యకి చెప్పబోయాను. ఆవిడ అప్పటికే గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగుతున్నారు. సగం తాగాక ఆగి, "నోట్లోంచి పోవట్లేదు" అన్నారు. ఆ రుచిని ఇంతకంటే సరిగ్గా చెప్పినవాళ్ళు నాకు తెలీదు.

తర్వాత మోమోల్లాంటి గ్యోజా వచ్చింది. క్యాబేజీ, టోఫు కూరినవి, ఆరు. ఒకదానికొకటి ఆనుకుని, అడుగున సన్నటి అల్లికలా గోధుమరంగు పొరతో. పెనం మీద అడుగు వేయించి, కాస్త పిండి కలిపిన నీళ్ళు పోసి మూత పెడతారు. ఆవిరికి పైభాగం మెత్తగా ఉడుకుతుంది, నీరు ఇగిరాక అడుగున మిగిలిన పిండి ఇలా కరకరలాడే పొరవుతుంది. అత్తయ్య ఒకటి తిరగేసి, గోటితో ఆ పొర మీద టక్‌మని కొట్టి, ఆ చప్పుడు విన్నాకే తిన్నారు. చాప్‌స్టిక్స్ జోలికి పోలేదు. చేత్తోనే.

నేను మాత్రం చాప్‌స్టిక్స్‌తో నా ప్రావీణ్యం చూపించబోయి దెబ్బతిన్నాను. దోసకాయ సుషీ పక్కన పెట్టిన వసాబి అనే ఘాటైన ఆకుపచ్చ ముద్దలో శెనగగింజంత తీసుకోవాల్సింది ఉసిరికాయంత తీసుకున్నాను. మిరపకాయైతే నాలుక మీద మండుతుంది, కాసేపు అక్కడే ఉంటుంది. వసాబి ఘాటు ఆవిరై తిన్నగా ముక్కులోకి ఎక్కుతుంది. కళ్ళలో నీళ్ళు, మాట లేదు. అర నిమిషంలో ఏమీ జరగనట్టు పోయింది. అత్తయ్య మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "ఇందులో ఏముందో అడక్కపోయావా?" అన్నారు. అడిగుంటే అది చాలావరకు వసాబి కాదని తేలేది. చాలా హోటళ్ళలో పెట్టేది హార్స్‌ర్యాడిష్ వేరు, ఆవపొడి, ఆకుపచ్చ రంగు కలిపిన ముద్ద. అసలు వసాబి వేరు ఖరీదెక్కువ, పైగా తురిమిన పావుగంటకే ఘాటు తగ్గిపోతుంది.

నూడుల్స్ గురించి చెప్పడానికేమీ లేదు. బాగున్నాయి, అంతే.

ఒక్కటి మాత్రం అస్సలు బాగోలేదు. చీజ్ కూరిన స్ప్రింగ్ రోల్, పైన మామిడి సాసు, ఆ పైన వసాబి కలిపిన మేయోనీజ్, మీద నువ్వులు, పక్కన శ్రీరాచా అనే మిరప సాసు చుక్కలు. ఫొటోకి బ్రహ్మాండంగా ఉంది. నోట్లో పెట్టుకుంటే ఒక్కొక్కటీ విడివిడిగా అరుస్తోంది, ఏదీ ఇంకోదాని మాట వినట్లేదు. అదే వంటింట్లోంచి కొబ్బరిపాలలో మిసో కలిపిన సాసుతో వంకాయ వచ్చింది. దాన్ని మేమిద్దరం మాట్లాడుకోకుండా ఖాళీ చేశాం. కొబ్బరిపాల తియ్యదనానికి ఉప్పగా, లోతుగా ఒక తోడు కావాలి, మిసో ఆ పని చేస్తోంది. రోల్ మీది మామిడికి అక్కడ ఏ పనీ లేదు, ఊరికే పిలిచారు, వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది దారిలో అడిగిన ప్రశ్న. "కలపడం కొత్తేం కాదు అత్తయ్యా" అని మొదలుపెట్టాను. టెంపురా, అంటే పిండిలో ముంచి నూనెలో వేయించడం, జపాన్‌కి పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళతో వచ్చిన పద్ధతి. గ్యోజా చైనావాళ్ళ జియావోజీకి జపాన్ రూపం. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి వచ్చేదాకా ఆసియాలో ఎవరికీ తెలీదు, కాబట్టి కిమ్చీ ఎర్రబడింది ఆ తర్వాతే. వియత్నాంలో బాన్ మీ అనే శాండ్‌విచ్ చేసే రొట్టె ఫ్రెంచివాళ్ళ నుంచి వచ్చింది.

అంతా విన్నారు. "అయితే అప్పుడు కలిపినవాళ్ళెవరూ కలిపామని బోర్డు పెట్టుకోలేదన్నమాట" అన్నారు.

బిల్లు కట్టి లేస్తుంటే వంటాయన మళ్ళీ వచ్చి, కాగితంలో చుట్టి ఓ కొంబు ముక్క ఇచ్చాడు. నల్లగా, చెప్పు అట్టలా ఉంది. మీద తెల్లటి పొడి. "ఇది బూజా బాబూ?" అని అడగకుండా ఎలా ఉంటారు! బూజు కాదట, నాచు ఎండేటప్పుడు పైకొచ్చే తియ్యటి పదార్థమట, కడక్కూడదట.

ఇంటికొచ్చేసరికి ఈయన ఇంకా లాప్‌టాప్ ముందే ఉన్నారు. మిగిలిన స్ప్రింగ్ రోల్స్ డబ్బా ఇస్తే, చూడకుండానే ఒకటి నోట్లో వేసుకుని "అబ్బ, బాగుందే!" అన్నారు.

"నాలుగు దేశాలున్నాయిరా అందులో, నెమ్మదిగా తిను" అన్నారు అత్తయ్య.

ఇప్పుడు రాత్రి పదకొండైంది. వంటింటి గట్టు మీద స్టీలు గిన్నెలో ఆ నాచు నానుతోంది. దాంతో రేపు ఏం చేస్తారో అడిగితే చెప్పలేదు. మూత తీసి చూడ్డానికి మాత్రం ఇది రెండోసారి వెళ్ళడం.