కార్డు చెల్లుతుంది, బెడ్లే ఖాళీ లేవు

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే గొడవ. ఆరోగ్యశ్రీని ఈ ప్రభుత్వం చంపేసిందని ఒకాయన, పాతవాళ్లు ఆసుపత్రులకి పెట్టిపోయిన బకాయిలు కట్టలేకే ఈ తిప్పలని ఇంకొకాయన. ఇద్దరికీ ఆఫీసువాళ్లిచ్చిన హెల్త్ ఇన్సూరెన్సు ఉంది లెండి.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొన్నేళ్లు ఆరోగ్యమిత్రగా చేశాను, అంటే కార్డుతో వచ్చే రోగులకి దారి చూపించే పని. గుమ్మం పక్కనే మా బల్ల. జీతం పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు వైపు నుంచి, కుర్చీ మాత్రం ఆసుపత్రిది. కాబట్టి ఎవరి పక్షాన మాట్లాడినా రెండోవాళ్లకి కోపమే.

2007లో పథకం మొదలైనప్పుడు ఉచిత వైద్యానికి పరిమితి కుటుంబానికి ఏడాదికి 2 లక్షలు. 2023 డిసెంబరులో ఆంధ్రలో 25 లక్షలు చేశారు, అదే నెలలో తెలంగాణలో 10 లక్షలన్నారు. కార్డు మీద పేరు రాజీవ్ నుంచి ఎన్టీఆర్‌కి, అక్కణ్ణుంచి వైఎస్సార్‌కి, మళ్లీ ఎన్టీఆర్‌కి మారింది. సభల్లో చప్పట్లు ఈ అంకెలకీ ఈ పేర్లకే. నేను బల్ల దగ్గర కూర్చున్నన్నాళ్లూ పరిమితి దాటిపోయి వైద్యం ఆగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆగిపోయేది వేరేచోట.

పల్నాడు వైపు నుంచి ఒకమ్మాయి తండ్రిని ఆటోలో తీసుకొచ్చింది. తుంటి ఎముక విరిగింది. కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దానికి రబ్బరు బ్యాండు చుట్టి తెచ్చుకుంది. ఫ్రంట్ ఆఫీసులో "ఎముకల డాక్టరుగారు ఊళ్లో లేరమ్మా, బెడ్లు కూడా ఖాళీ లేవు" అన్నారు. డాక్టరుగారి కారు బయటే ఉంది. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "మేడమ్, మా కార్డు చెల్లదా?" అనడిగింది. చెల్లుతుందమ్మా అన్నాను. అది అబద్ధం కాదు. చివరికి వాళ్లు పెద్దాసుపత్రికి వెళ్లారు, నేనే ఫోన్ చేసి పంపించాను.

ఏ ఆసుపత్రీ "ఈ పథకం కింద చెయ్యం" అని నోటితో అనదు. అంటే ఫిర్యాదు పెట్టొచ్చు. బెడ్లు లేవంటే ఎక్కడ పెడతారు? అలాగే టెస్టులు, మందులు, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు కూడా పథకం కింద ఆసుపత్రికి కట్టే ప్యాకేజీలోనే ఉంటాయి, కానీ "స్కానింగు మాత్రం బయట చేయించుకురండి" అంటారు. ఆ రసీదు మా రికార్డులోకి రాదు.

అలాగని యాజమాన్యాలన్నీ దొంగలనీ అనలేను. ప్రీఆథ్, అంటే ట్రస్టు ముందస్తు అనుమతి, వచ్చి, ఆపరేషనై, రోగి ఇంటికెళ్లిపోయాక కూడా బిల్లు నెలల తరబడి కదలకపోతే, ప్లేట్లూ స్టెంట్లూ సరఫరా చేసే ఏజెన్సీవాడు అరువివ్వడం ఆపేస్తాడు. పెద్ద కార్పొరేట్లు తట్టుకుంటాయి. యాభై పడకల ఆసుపత్రి, అదీ తాలూకా కేంద్రంలోది, తట్టుకోలేదు. నిజానికి పల్లె జనానికి అందుబాటులో ఉండేది అదే.

2024 మేలో, ఎన్నికల ఫలితాలు ఇంకా రాకముందే, ఆంధ్రలో ప్రైవేటు ఆసుపత్రుల సంఘం బకాయిల కోసం సేవలు ఆపుతామంది. 2025 అక్టోబరులో, ఇంకో ప్రభుత్వం ఉండగా, మళ్లీ ఆపింది. దానికి ముందు నెలలో తెలంగాణలోనూ అదే కథ. మూడుసార్లూ అధికారంలో ఉన్నవి మూడు వేర్వేరు పార్టీలు. గ్రూపులో ఇది రాస్తే ఇద్దరూ నన్ను అవతలి పార్టీ మనిషిననుకున్నారు.

2025 సెప్టెంబరులో ఆంధ్రలో 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు అనే పద్ధతికి కేబినెట్ ఒప్పుకుంది. బిల్లులు త్వరగా కదులుతాయంటున్నారు. కదిలితే మంచిదే. కానీ 2007లోనూ మొదలైంది బీమా కంపెనీతోనే. దాన్ని పక్కనపెట్టి ట్రస్టుకి వచ్చాం, ఇప్పుడు సగం దారి వెనక్కి వెళుతున్నాం. ఎందుకు మారామో, ఎందుకు తిరిగి వెళుతున్నామో అసెంబ్లీలో ఒక పూట కూర్చుని మాట్లాడుకోవచ్చుగా. శవరాజకీయం, చేతకానితనం అని తిట్టుకోడానికి దొరికే టైము దీనికి దొరకదు.

నేనైతే ఒక్కటే అడుగుతాను. గుమ్మంలో నాయకుల ఫోటోలతో పెట్టే ఆ ఫ్లెక్సీ మీదే, ఈ ఆసుపత్రికి ఏ నెల బిల్లు వరకు చెల్లించారో రాయండి, ప్రతి నెలా దిద్దండి. ఆటో దిగకముందే జనం చదువుకుని, లోపలికి రావాలో పెద్దాసుపత్రికి పోవాలో చూసుకుంటారు.